గిన్నె అడుగున జిగురు

సోమవారం పదకొండూ నలభైకి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. లీలండ్ ఫాస్గేట్ కళ్లు తెరిచాడు.

అప్పుడు నా చేతిలో మా ఆయన ఎల్లిస్ చేసి పంపిన గుడ్డు శాండ్‌విచ్ సగం ఉంది. మా పెళ్లయి పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజులుగా నా భోజనం డబ్బాలో తిండితో పాటు ఒక కాగితం ముక్క కూడా ఉంటోంది. ఆ రోజు దాని మీద "మిరియాలు ఎక్కువయ్యాయి, ఓర్చుకో" అని ఉంది. కాగితం చూసి నవ్వుకుంటూనే ఫోన్ ఎత్తాను. నర్సు మాట వినేసరికి ఆ నవ్వు ఇంకాస్త పెద్దదైంది. మూడు రోజులుగా లేవని మనిషి లేచాడు. తన ఇంటిముందు వేసిన క్రిస్మస్ దీపాల మధ్య, శుక్రవారం సాయంత్రం నాలుగూ యాభైకి, దీపాలు చుట్టిన ఇనప కమాను పట్టుకుని కరెంటు దెబ్బకి కూలిపోయిన మనిషి.

లేవగానే ఆయన అడిగింది ఒక్కటేనట, కుడివైపు వెలిగిందా అని. మళ్లీ నిద్రలోకి వెళ్లిపోయాడు. బుధవారం దాకా పోలీసులమెవరమూ గదిలో అడుగు పెట్టకూడదని డాక్టరు ఆజ్ఞ.

బుధవారం నాకు పనికిరాదు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా కర్టిస్ హెమర్ తన నివేదిక పంపేస్తాడు.

అగ్నిప్రమాదాలు, కరెంటు ప్రమాదాలు చూడటానికి పైనుంచి పంపిన నిపుణుడు హెమర్. తలుపు తట్టే అలవాటు లేదు. ఆ కబురు ఆయనకీ చేరినట్టుంది, లోపలికి వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు.

"బతికాడు కాబట్టి ఆ పక్కింటి పిల్ల అదృష్టవంతురాలు. ప్రాణం తీసిన కేసు కాకుండా నిర్లక్ష్యం కేసుతో పోతుంది" అన్నాడు.

"ఆ పిల్లే చేసిందని తేలిపోయిందా?"

"నాకు శనివారమే తేలింది. పెళ్లికూతురుగారికి తీరిక దొరికితే ఫొటోలు చూసుకోవచ్చు."

ఫొటోలు చూశాను. లీలండ్ దీపాలు ఊరికే స్విచ్ వేస్తే వెలిగేవి కావు. ఏ బల్బు ఏ క్షణాన ఏ రంగులో వెలగాలో ఇంట్లో ఉన్న కంప్యూటర్ చెబుతుంది. ఆ ఆజ్ఞలు నెట్‌వర్క్ కేబుల్ మీదుగా గడ్డి దాటి, మేపుల్ చెట్టు కింద ఉన్న ఆకుపచ్చ కంట్రోలర్ పెట్టెకి వెళతాయి. కుడివైపు సగానికి ఆ పెట్టే మెదడు. కరెంటు మాత్రం వేరుగా, లావుపాటి నారింజరంగు తీగలో వెళుతుంది. హెమర్ ఫొటోల్లో పెట్టెలోకి దూరుతున్న నెట్‌వర్క్ కేబుల్ బూడిదరంగులో ఉంది. ఇంటి గోడల్లో వేసే చవకరకం. ఆ పిల్ల దాన్ని ఆరుబయట వేసింది, అది నీళ్లు పీల్చింది, దాన్ని కరెంటు తీగకి ఆనించి వేసింది, కరెంటు ఇనప కమానుకి పాకి ప్రాణం మీదికి తెచ్చింది. అదీ హెమర్ వాదన.

ఆ పిల్ల పేరు డాగ్నీ ప్రాక్ష్. లీలండ్ పక్కిల్లు. ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్లుగా ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటోంది, జనవరిలో లైసెన్స్ పరీక్ష. నవంబరు మొదటి వారంలో ముసలాయనకి మోకాళ్లు వంగవని కేబుళ్లన్నీ తనే పరిచింది. శుక్రవారం కేక విని పరుగెత్తుకెళ్లి, నాలుగూ యాభై మూడుకి ప్లగ్ పీకేసి, అంబులెన్స్ వచ్చేదాకా పదకొండు నిమిషాలు ఆయన ఛాతీ నొక్కింది కూడా తనే. శనివారం నుంచి ఆమెని పనిలోకి రావద్దన్నారు. నివేదిక అలాగే వెళితే ఇక ఏ పనిలోకీ రానివ్వరు.

పన్నెండున్నరకి నా ఎదుట కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది.

"నేను వేసింది నల్లది మేడమ్. బయట వేసేదే. బూడిదరంగుది బయట వేశానని ఆ హెమర్ ఊరంతా చెబుతున్నాడు. కేసు పెట్టారన్న బాధ కంటే నాకు అదే అవమానంగా ఉంది."

లీలండ్ తప్పు ఏమీ లేదా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బయటి సాకెట్‌కి తడి తగలగానే కరెంటు కట్టేసే రక్షణ ఉంది. వాన పడ్డప్పుడల్లా అది కట్టేసి దీపాలు ఆరిపోతున్నాయని ఆయన విసుక్కుని, తీగని గరాజ్‌లోని పాత సాకెట్‌కి మార్చేశాడు. ఆ సాకెట్‌కి ఏ రక్షణా లేదు. రెండుసార్లు వద్దని చెప్పింది. క్రిస్మస్ అయ్యాక మారుద్దాంలే అన్నాడట. దీపాల పిచ్చి ఉన్న వాళ్లందరూ అదే అంటారట.

"నీ చేతిపని అని నేనెలా గుర్తుపట్టాలి?" అన్నాను.

దానికి మాత్రం ఆమె ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. మూడు గుర్తులు చెప్పింది. నల్ల కేబుల్ కోస్తే లోపల జిగురు ఉంటుంది, నీళ్లు పాకకుండా నింపుతారు, చేతికంటితే సబ్బుకి లొంగదు. కేబుల్ మీద అడుగు అడుగుకీ ఒక అంకె అచ్చేసి ఉంటుంది. తను మొదలూ చివరా ఉన్న అంకెలు పెట్టె మూత లోపల రాస్తుంది. ఇక మూడోది, కొనకి బిగించే ప్లగ్ అద్దంలా ఉంటుంది కాబట్టి లోపలి ఎనిమిది సన్నతీగలు కనబడతాయి. వాటికి రెండు వరుసలున్నాయి, నారింజ ముందు, లేదా ఆకుపచ్చ ముందు. పని రెంటితోనూ జరుగుతుంది. తనకి మేస్త్రీ నేర్పింది నారింజ.

"ఆకుపచ్చ ముందు పెట్టేదెవరు?"

"ఇప్పుడు చాలా తక్కువ మేడమ్. పాత ప్రభుత్వ పనులు చేసినవాళ్లు, మిలిటరీలో నేర్చుకున్నవాళ్లు. వేళ్లకి ఒకసారి అలవాటైతే ఇక మారదు. నన్ను ఇప్పుడు నిద్రలేపి బిగించమన్నా నారింజే వస్తుంది."

ఒంటిగంటన్నరకి లీలండ్ ఇంటి ముందు ఉన్నాను. హెమర్ నా వెనకే వచ్చాడు, నేనేం పాడు చేస్తానో చూడటానికి. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

పెట్టె మూత తీయగానే కుళ్లు వాసన ముఖాన కొట్టింది. మూడు రోజులు తెరవని పెట్టె. వెచ్చగా ఉంటుందని ఎలుకలు చేరాయి. పీచు, పెంటికలు, ఒక మూలన కుళ్లిన పిల్ల ఎలుక. రెండు వేళ్లతో దాన్ని తీసి పక్కన పడేస్తుంటే హెమర్ గొంతులో నవ్వు వినబడింది. మూత లోపల డాగ్నీ రాత ఉంది, 412, 489. డెబ్బై ఏడు అడుగులు. పెట్టెలోకి వచ్చిన కేబుల్ బూడిదరంగుదే. ప్లగ్ పీకి వెలుతురుకి పెట్టి చూశాను.

ఆకుపచ్చ ముందుంది.

మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ వెంట మంచు తవ్వుకుంటూ ఇంటివైపు వెళ్లాను. పద్దెనిమిది అడుగుల దగ్గర, ముళ్లలాంటి ఆకులున్న జునిపర్ పొద కింద, నల్లటేపు చుట్టిన బుడిపె తగిలింది. గోటితో టేపు లాగాను. లోపల జాయింటు. అటువైపు బూడిదరంగు, ఇటువైపు నలుపు. నల్లదాని తెగిన కొన నుంచి జిగురు నా వేళ్ల మీదికి కారింది. చీమిడి. ఇంకో మాట లేదు దానికి. చల్లగా, జారుడుగా, తీగలు సాగుతూ వేళ్ల సందుల్లోకి పోయి, నా పెళ్లి ఉంగరం కిందికి కూడా దూరింది. పంతొమ్మిది రోజుల ఉంగరం. ఒక్కసారిగా ఎంత ఒళ్లు మండిందంటే, ఎలుక మీద రాని కోపం దాని మీద వచ్చింది.

జాయింటు పక్కన నల్ల కేబుల్ మీద అంకె 471.

"ఇక్కడ 471. చెట్టు దగ్గర 489 ఉండాలి. పద్దెనిమిది అడుగుల నల్లది ఎవరో కోసుకుపోయారు, హెమర్ గారూ."

"చాలలేదు. అతికించింది."

"చాలకపోతే మూతలో 489 అని ఎందుకు రాసింది?"

"అబద్ధం రాసింది."

"డిసెంబరులో జరగబోయే ప్రమాదం కోసం నవంబరులో?"

హెమర్ చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. నేను బూడిదరంగు కేబుల్‌ని చెట్టుదాకా తిప్పి చూశాను. అడుగుభాగంలో, నేలకి ఆనే వైపు, జానెడు జానెడు దూరంలో కత్తిగాట్లు. ఎలుక కొరికితే అంచులు చిరుగుతాయి, దూరాలు కొలిచినట్టు ఉండవు. గాట్లకి మధ్య ఒకచోట తొక్క ఒలిచాను. లోపలి రాగి కొత్త నాణెంలా మెరిసింది. నెలరోజులు తడినేలలో ఉన్న రాగి ఆ రంగులో ఉండదు. ఈ కేబుల్ వేసి వారం కూడా కాలేదు.

ఇంకా ఉంది. డాగ్నీ జానెడు ఎడంగా వేసిన నారింజరంగు కరెంటు తీగని కూడా ఎవరో లాగి, కేబుల్‌తో కలిపి కమాను కాలి పక్కన ఒకే కొక్కెం కింద నొక్కేశారు. బూడిదరంగు దాని మీద చివరి గాటు పడ్డచోటే నారింజరంగు తీగ మీదా గాటు పడింది. చిన్నదే. పైకి కనబడదు. మంచు కరిగి నీళ్లు చేరితే చాలు.

హెమర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ గాట్లు ఆయన ఫొటోల్లో లేవు. మంచు తవ్వకుండా తీసిన ఫొటోల్లో ఎలా ఉంటాయి.

"డాగ్నీ దగ్గరా కత్తి ఉంది" అన్నాడు చివరికి.

"మీ దగ్గరా ఉంది."

చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లాను. లీలండ్ భార్య అర్డిస్ ఆస్పత్రికి బయల్దేరబోతూ కోటు వేసుకుంటోంది. భర్త కళ్లు తెరిచిన సంతోషంలో బొత్తాలు పైకీ కిందకీ పెట్టుకుంది. నేను ఉంగరం తీసి జేబులో వేసుకుని వేడినీళ్ల కింద సబ్బుతో రుద్దుతున్నాను. జిగురు కదలడం లేదు. అటునుంచి ఇటు పాకుతోందంతే.

"సబ్బుకి పోదు తల్లీ, వంటనూనె రాయి" అంది వెనకనుంచి. "నిన్న నేనూ అరగంట తోమాను, ఆ గిన్నె అడుగున ఇదే అంటుకుంది. చీజ్ కారి గట్టిపడిందేమో అనుకున్నాను."

నా చేతులు నీళ్ల కింద ఆగిపోయాయి. ఏ గిన్నె అని అడిగాను.

తోమి ఆరబెట్టిన గాజు గిన్నె చూపించింది. మా ఊళ్లో ఎవరింట కష్టం వచ్చినా, రాకపోయినా, పొరుగువాళ్లు ఏదో ఒకటి ఓవెన్‌లో వండి గిన్నెతో సహా పట్టుకొస్తారు. గిన్నె తిరిగి ఇంటికి చేరాలని అడుగున టేపు అంటించి పేరు రాస్తారు. దీన్ని బోర్లించాను. టేపు మీద పెద్ద అక్షరాలతో వారెన్ టల్ అని ఉంది. టేపు అంచు వెంట, స్పాంజి చేరని చోట, పారదర్శకంగా జిగురు. అందులో ఒక జునిపర్ ముల్లు నిలువుగా ఇరుక్కుని ఉంది.

వారెన్ టల్ లీలండ్‌కి పాత స్నేహితుడు. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరూ కలిసే ఈ దీపాలు వేస్తున్నారు. ప్రమాదమప్పుడు ఊరి చర్చిలో పాటల సాధనలో ఉన్నాడు. పన్నెండుమంది చూశారు. అందుకే అతని పేరు నా జాబితాలో లేదు.

"ఇది ఎప్పుడు తెచ్చాడు?"

"గురువారం. ప్రమాదానికి ముందురోజు. లీలండ్ కళ్లజోడు తెచ్చుకోవడానికి వెళ్లాడు, నేను జుట్టు కత్తిరించుకోవడానికి. మూడుంబావుకి వచ్చేసరికి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు పాపం. ఇప్పుడే వచ్చానన్నాడు."

మంచు ఎప్పుడు మొదలైందో గుర్తుందా అని అడిగాను. బాగా గుర్తుందట. సెలూన్ కిటికీలోంచి చూసి, జుట్టు తడుస్తుందని బెంగపడింది. రెండూ నలభై. వారెన్ వెళ్లిపోయాక బయట నేల ఎలా ఉందో కూడా అడిగాను. తన కారు ముందుకి తీసి పెట్టుకోవాలని బయటికి వెళ్లిందట. దారంతా తెల్లగా ఉంది, అతని ట్రక్కు ఆగిన చోట మాత్రం నేల పొడిగా, నల్లగా.

చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది. పొడిగా ఉందంటే ట్రక్కు మంచుకి ముందే వచ్చి ఆగింది. ముప్పై అయిదు నిమిషాలు ఎవరూ లేని ఇంటి ముందు అతనేం చేశాడు?

కుర్చీ లాక్కుని కూర్చుని, మిగతాది నిదానంగా రాబట్టాను. పోయినేడాది పేపర్లో దీపాల ఫొటో వేసి, కింద "లీలండ్ ఫాస్గేట్, ఒక స్నేహితుడి సాయంతో" అని రాశారు. పేరు లేదు. వారెన్ నవ్వేశాడు. అయితే ఈ ఏడాది కేబుళ్లు పరచడానికి తనని కాకుండా డాగ్నీని పిలిచినప్పుడు నవ్వలేదు. శుక్రవారం పేపరువాళ్లు మళ్లీ రావాల్సి ఉంది.

అంతే. మనిషిని చంపాలని కాదు. బూడిదరంగు కేబుల్ గురువారం రాత్రి మామూలుగా పనిచేస్తుంది. శుక్రవారం ఎండకి మంచు కరిగి గాట్లలోకి దిగుతుంది. పేపరువాళ్ల ముందు కుడివైపు చీకటైపోతుంది. లీలండ్ నవ్వులపాలవుతాడు, రెండు తీగలూ ఒకే కొక్కెం కింద చూసినవాళ్లకి డాగ్నీ చేతకానిదవుతుంది. తనేమో చర్చిలో పాడుకుంటూ ఉంటాడు. కత్తి కరెంటు తీగకి కూడా తగిలిందని అతనికి తెలియకపోవచ్చు. తెలిశాక మాత్రం ఏం చేశాడు? రోజూ ఈ ఇంటికి వచ్చాడు. అర్డిస్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మంచం పక్కన ప్రార్థన చేశాడు. ఆ పక్కింటి పిల్ల పని అశ్రద్ధగా చేసిందని దారంతా ఆమె చెవిలో పోశాడు.

"మూడు రోజులు నేను దాంట్లోంచే తిన్నాను" అంది అర్డిస్, గిన్నెకేసి చూస్తూ. లేచి సింకు దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

చచ్చిన ఎలుకని వేళ్లతో పట్టుకున్నప్పుడు కూడా నాకింత రోత కలగలేదు.

హెమర్‌ని లోపలికి పిలిచి గిన్నె చూపించాను. నూనె రాసుకున్న నా వేళ్లనీ గిన్నె అంచునీ మార్చి మార్చి చూశాడు. ఎంత విసుగు పుట్టించే మనిషైనా పని తెలిసినవాడు.

"దీపాలు వేసే ప్రతివాడింట్లో ఈ జిగురు ఉంటుంది. జునిపర్ ఈ వీధిలో ఇంటింటికీ ఉంది. ట్రక్కు కింద పొడినేల ఆవిడ జ్ఞాపకం. లాయరు అయిదు నిమిషాల్లో ఊదేస్తాడు" అన్నాడు.

"తెలుసు. అందుకే అతని వేళ్లు కావాలి."

ఆకుపచ్చ ముందున్న ప్లగ్ సంగతి చెప్పాను. నా చేతిలోంచి దాన్ని తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. నివేదిక ఆపమని నేను అడగలేదు, ఆపుతానని ఆయన అనలేదు.

అంతలో బయట ట్రక్కు ఆగింది.

వారెన్ టల్ తలుపు తీసుకునే వచ్చాడు, ఇంటిమనిషిలా. డెబ్బై దగ్గర వయసు, నీటుగా దువ్విన తెల్లజుట్టు. చేతుల్లో ఇంకో గాజు గిన్నె, పైన రేకు కప్పి. కబురు విన్నాడట. కళ్లలో నిజంగానే నీళ్లు ఉన్నాయి. అదే నాకు అన్నిటికంటే రోత పుట్టించింది.

"దేవుడు మన మొర విన్నాడు అర్డిస్" అంటూ గిన్నె అందించాడు.

అర్డిస్ అందుకుంది. థాంక్స్ చెప్పలేదు. గిన్నెని తలకంటే ఎత్తుకి లేపి, అడుగుభాగం చూసింది. మెల్లగా బల్ల మీద పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

అతను అది చూశాడు. తర్వాత ఆరబెట్టిన పాత గిన్నెని చూశాడు, బోర్లించి ఉంది. తర్వాత నూనెతో మెరుస్తున్న నా చేతినీ, ఉంగరం లేని వేలినీ. ముఖంలో ఏమీ మారలేదు. నా వైపు తిరిగాడు.

"లీలండ్ ఏమన్నా చెప్పాడా?"

"కుడివైపు వెలిగిందా అని అడిగాడట. ఆయన కోసం వెలిగిద్దామనుకుంటున్నాం. కరెంటు తీగ హెమర్ గారు మార్పిస్తారు. నెట్‌వర్క్ కేబుల్‌కి కొత్త ప్లగ్ బిగించాలి. డాగ్నీని మేం రానివ్వలేం కదా. ఇది తెలిసిన చెయ్యి ఊళ్లో ఇంకెవరిదుంది?" అన్నాను.

పొగడ్త అనేది ఎంత ముసలివాడినైనా నిటారుగా నిలబెడుతుంది.

"ఇరవై రెండేళ్లు సైన్యంలో సిగ్నల్ తీగలు బిగించాను అమ్మాయ్. కళ్లు మూసుకుని బిగిస్తాను."

"చూస్తాం."

టోపీ చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. అర్డిస్ మూడు రాత్రులుగా నిద్రపోలేదు, ఈ రాత్రి లీలండ్ దగ్గర తను కూర్చుంటానన్నాడు. స్నేహితుడు కాకపోతే ఇంకెవరు కూర్చుంటారు అన్నాడు.

అర్డిస్ నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్లు చర్మంలోకి దిగాయి.

"అక్కర్లేదు వారెన్ గారూ. ఈ రాత్రి ఆ గది బయట హెమర్ గారు కూర్చుంటున్నారు" అన్నాను.

ఆ సంగతి హెమర్‌కి అప్పుడే తెలిసింది. నన్ను ఒకసారి చూశాడు. కోటు జేబులో మడిచి పెట్టుకున్న నివేదిక కాగితాలు తీసి, నా చేతిలో పెట్టాడు.

"అవును. నాకు ఆస్పత్రి కాఫీ ఇష్టం" అన్నాడు వారెన్‌తో.

నేను ఉంగరం తుడిచి మళ్లీ వేలికి పెట్టుకున్నాను.

"రేపు పది గంటలకి రండి వారెన్ గారూ, ఇక్కడికే. మీ పనిముట్లే తెచ్చుకోండి. ప్లగ్‌లో తీగలు మీరు పేరుస్తుంటే ఫొటో తీయడానికి పేపరువాళ్లని కూడా పిలుస్తున్నాను. ఈసారి మీ పేరు తప్పకుండా వేస్తారు."